సిస్టర్ గారి కేక

పామర్రులో మా ఆడపడుచు మనవడి పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్ళాను. భోజనాలు కాగానే డీజే పెట్టారు. ఎదురుగా కూర్చుని ఆ మోత భరించే వయసు కాదు నాది. వెనక వరసలో ఒక కుర్చీ చూసుకుని మజ్జిగ తాగుతున్నాను. డప్పుల హోరులోంచి ఉన్నట్టుండి ఒక కేక లేచింది. నా చేతిలో గ్లాసు ఒలికి చీర తడిసింది. మళ్ళీ అదే కేక, మళ్ళీ అదే. దాన్ని ముక్కలు కోసి, సాగదీసి, దరువుకి కట్టేశారు. కేక వచ్చినప్పుడల్లా స్టేజి ముందున్న పిల్లలంతా చేతులెత్తి గెంతుతున్నారు.

పక్కన కూర్చున్న పెళ్ళికూతురి స్నేహితురాలిని అడిగాను. "ఇది ఎవరి గొంతో తెలుసా అమ్మా?"

"గొంతు కాదాంటీ, ఏఐతో చేసింది. మనిషి గొంతు అలా ఉండదుగా!" అని నవ్వింది ఆ అమ్మాయి.

ఉంటుంది. ఉయ్యూరులో, మా వీధిలో, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది ఆ గొంతు. దాని తాలూకు మనిషి పోయి ఏడాది దాటింది.

ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఊరందరికీ సిస్టర్ గారే. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయాక చెల్లెలు సుగుణ వచ్చి అక్క దగ్గరే ఉండిపోయింది. సిస్టర్ గారి సూది దిగని చెయ్యి మా వీధిలో లేదు. చీమ కుట్టినట్టు ఉంటుందని నర్సులందరూ చెప్పే అబద్ధం ఆవిడ ఏనాడూ చెప్పలేదు. "నొప్పెడతది. ఏడిస్తే ఇప్పుడే ఏడు. సూది తీశాక ఏడిస్తే ఊరుకోను" అనేది. పిల్లలకే కాదు, మా తోటి టీచర్లకి కూడా అదే మాట.

పొట్టి మనిషి, గట్టి మనిషి. పట్టుచీర కట్టినా కాళ్ళకి తెల్ల నర్సు బూట్లే. ఎండ లేకపోయినా నల్ల కళ్ళద్దాలు. పాట మొదలుపెట్టే ముందు ఎడమ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, వాచీ చూస్తూ తన నాడి తనే లెక్కపెట్టుకునేది. ఎంత మంది ఎదురు చూస్తున్నా సరే, ఆ లెక్క పూర్తయ్యేదాకా నోరు తెరిచేది కాదు. జనం సగం నవ్వు అక్కడే నవ్వేసేవాళ్ళు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ పాట చర్చికే పరిమితం. కొత్తగా వచ్చిన పాస్టర్ గారు కీబోర్డు, డ్రమ్ములు కొని క్వయర్‌ని బాగుచేయదలచుకున్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడని పక్కకి పిలిచి ఎంతో మర్యాదగా చెప్పాడట. "సిస్టర్ గారూ, మీ స్వరం వెనక బెంచీలోంచి కూడా దేవుడికి వినపడుతుందండీ."

"దేవుడికి వినపడుద్ది, సరే అయ్యగారూ. మీకెందుకు వినపడుతోంది?" అందట ఈవిడ.

ఆ తర్వాత చర్చిలో పాడలేదు. మానెయ్యనూ లేదు. ప్రతి ఆదివారం మొదటి బెంచీలో, సరిగ్గా క్వయర్‌కి ఎదురుగా కూర్చుని, వాళ్ళు పాడినంతసేపూ పెదాలు బిగించి వాళ్ళ వంకే చూసేది. ఆ చూపుకి ఇద్దరు అమ్మాయిలు క్వయర్ మానేశారు.

అదే క్వయర్‌లో పాడే సుగుణ మాత్రం మానలేదు. ఆ ఇంట్లో నిజంగా గొంతున్నది సుగుణకే. చెరకు రసంలాంటి గొంతు. అక్కని పంపేసిన క్వయర్‌లో చెల్లెలు నిలబడి పాడటం సిస్టర్ గారు క్షమించలేదు. ఒక్క మాటా అనలేదు గానీ, ఇంట్లో పాట బంద్ చేసింది. గిన్నెలు తోముతూ సుగుణ ఏ కూనిరాగమో తీస్తే చాలు, లోపలి నుంచి కేక వచ్చేది. "ఎవరక్కడ, రేడియో కట్టెయ్యండి!" ఆ ఇంట్లో రేడియో లేదు. కొన్నాళ్ళకి సుగుణ చర్చిలో కూడా పాడటం మానేసింది.

ఇక ఆవిడ తన పాటలు తనే కట్టుకోవడం మొదలుపెట్టింది. కరెంటు బిల్లు మీద ఒకటి, దోమల బ్యాటు మీద ఒకటి, చెయ్యెత్తినా ఆగని బస్సు మీద ఒకటి. అన్నిట్లోకీ ఆవిడని ఊరు దాటించింది గ్యాసు బండ పాట. మహిళా దినోత్సవానికి మా కాలనీ హాల్లో మొదటిసారి పాడింది.

"పప్పు సగమే ఉడికిందీ, గ్యాసు బండా నిండుకుందీ, బండబ్బాయి ఫోనెత్తడూ, ఎవరితో చెప్పుకుందునో..."

ఆ చివరి "నో" దగ్గర వచ్చేదే ఆ కేక. నూనె లేని గిలకలా మొదలై, మధ్యలో కుక్కర్ కూతగా మారి, ఎవరో గొంతు నొక్కినట్టు టక్కున ఆగేది. మొదటిసారి విన్నప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు, భయపడ్డారు. రెండో చరణంలో అది మళ్ళీ వచ్చేసరికి మా కాలనీ ప్రెసిడెంటు గారు కుర్చీలోంచి కింద పడేంతగా నవ్వాడు. ఆయన్ని చూసి అందరూ.

కేబుల్ రాంబాబు అప్పుడు అక్కడే కెమెరా పట్టుకుని ఉన్నాడు. జనమంతా ఫోన్లకి మరిగి కేబుల్ కనెక్షన్లు తీసేస్తుంటే, యూట్యూబు ఛానెల్ ఒకటి పెట్టుకుని దానికి సరుకు కోసం తిరుగుతున్నాడు. దొరికింది సరుకు. వారం తిరక్కుండా ఆ పాట బెజవాడ ఆటోల్లో మోగింది. రాంబాబు ఆవిడకి ఇచ్చిన సలహా ఒక్కటే: "మేడం, మీరు ఉన్నట్టే ఉండండి. ఏం నేర్చుకోకండి."

సాయంత్రాలు ఆవిడ ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చేది. పాట కింద జనం రాసినవి నేను పైకి చదవాలి. "మీరు టీచరు గారు కదండీ, మీరు చదివితే స్పష్టంగా ఉంటది" అనేది. మొదట్లో నేను మెత్తగా చేసి చదివేదాన్ని. పట్టేసింది.

"టీచర్ గారూ, అక్కడ అంత పొడుగ్గా రాసుంటే మీరింత పొట్టిగా చదువుతున్నారేంటండీ?"

అప్పటినుంచి ఉన్నదున్నట్టు చదివాను. "ఈ పాట విని మా గేదె నెల ముందే ఈనింది." "మా మామ్మ చెవిటిది, అదృష్టవంతురాలు." "ఎవరైనా ఈవిడ పీక మీద కాలెయ్యండ్రా, పుణ్యముంటది." ఇంకా ఇక్కడ రాయలేనివి చాలా ఉన్నాయి. తల్లినీ తండ్రినీ కులాన్నీ మతాన్నీ కలిపి తిట్టినవి. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కోదానికీ మార్కులేసేది.

"గేదె అన్నాడు చూశారా, వాడికి తెలివుందండీ. ఈ పీక మీద కాలన్నోడెవడో వట్టి మొద్దు. తిట్టడం కూడా రాదు." ఫోన్ తీసుకుని, "అయినా పది సార్లు వినకుండా ఇంత కడుపుమంట రాదండీ" అని తృప్తిగా లేచి వెళ్ళిపోయేది. నా మనసులో ముల్లులా గుచ్చుకున్న మాటలు ఆవిడ చెప్పుల కింద కూడా పడేవి కావు. అలాగే అనుకునేదాన్ని.

బెజవాడ దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలిచారు. "పక్కన చదువుకున్న మనిషి ఉంటే బావుంటది, రండి" అని నన్ను లాక్కుపోయింది. కారు పంపారు. గేటు దగ్గర పూలు చల్లారు. ఆ పూలు చల్లే పిల్లల మొహాలు చూడగానే నాకు అర్థమైంది. నలభై ఏళ్ళు క్లాసులో నిలబడినదాన్ని, నవ్వు ఆపుకునే మొహం నాకు తెలియదా?

స్టేజి మీద కుర్చీ బదులు ఖాళీ గ్యాసు బండ పెట్టి, దానికి దండ వేసి, దాని మీద కూర్చోమన్నారు. కూర్చుంది. నాడి చూసుకుంది. మొత్తం ఆడిటోరియం ఆవిడతో పాటు పైకి లెక్కపెట్టింది. పాడింది. కేక దగ్గర వాళ్ళు పెట్టిన గోలకి ఆవిడ కేక వినపడనే లేదు. "వన్స్ మోర్!" మళ్ళీ పాడింది. మళ్ళీ వన్స్ మోర్. పాట వద్దట, కేక ఒక్కటే కావాలట. ఆవిడ కేక పెడుతూనే ఉంది. చివరికి గొంతు జీరబోయి, ఎండిన పంపులోంచి గాలి వచ్చినట్టు ఒక చప్పుడు మాత్రం వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ దానికి నవ్వారు. ముందు వరసలో ప్రిన్సిపాల్ గారు కళ్ళద్దాలు తీసి కన్నీళ్ళు తుడుచుకుంటున్నాడు.

సన్మానం చేశారు. శాలువా కప్పి, ముఖమల్ పెట్టెలో జ్ఞాపిక ఇచ్చారు. అందరికీ చూపించమని మైకులో అడిగారు. ఆవిడ పెట్టె తెరిచింది. లోపల కుక్కర్ విజిల్. హాలు కూలిపోతుందేమో అన్నంతగా నవ్వారు. ఆవిడ దాన్ని తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, హ్యాండుబ్యాగులో వేసుకుంది.

కారు కంకిపాడు దాటాక ఆవిడే అంది. "మా కుక్కర్ది మొన్ననే పోయిందండీ. సైజు సరిపోద్దో లేదో చూడాలి."

నాకు ఒళ్ళు మండింది. "సిస్టర్ గారూ, వాళ్ళు మిమ్మల్ని ఎగతాళి చేస్తున్నారు. మీకు తెలుస్తోందా?"

ఆవిడ నల్ల కళ్ళద్దాలు తీసి నా వంక చూసింది. "నేను మీకు అంత తెలివితక్కువదానిలా కనపడుతున్నానా అండీ? ఆసుపత్రిలో ఎవరన్నా పోతే బయటున్న వాళ్ళకి చెప్పిరమ్మని డాక్టర్లు నన్నే పంపేవోళ్ళు. నేను వార్డు తలుపు తీస్తే చాలు, జనం ఘొల్లుమనేవాళ్ళు. ఇన్నేళ్ళూ నా మొహం చూసి ఏడిచారు, ఇప్పుడు నవ్వుతున్నారు. మీరైతే ఏది కోరుకుంటారు?"

ఆవిడ అక్కడితో ఆగి ఉంటే బావుండేది. ఆగలేదు. "అయినా నవ్వేది సాహిత్యానికండీ. సాహిత్యం అలా కుదిరింది" అంది.

కానీ ఆ ఎండిన పంపు చప్పుడు ఆవిడని వదల్లేదు. అందరూ దేనికి నవ్వినా సహించిన మనిషి, గొంతు తనని మోసం చేసినందుకు సహించలేకపోయింది. నెల తిరక్కుండా బెజవాడ సత్యనారాయణపురంలో ఒక సంగీతం టీచరమ్మ దగ్గర చేరింది. ఆ వయసులో బస్సెక్కి వెళ్ళి, చిన్నపిల్లల మధ్య చాప మీద కూర్చుని సరళీ స్వరాలు నేర్చుకుంది. పిల్లలు నవ్వితే వాళ్ళ వంక క్వయర్‌ని చూసినట్టు చూసేదట. ఏడాదికి పైగా వెళ్ళింది. మా వీధి మొత్తం తెల్లవారుజామున ఆ సాధన భరించింది. నేను కిటికీలు మూసుకున్నాను. ఒకరోజు కిటికీ తెరిచి ఉండగా వినపడింది. ఆవిడ పాడుతోంది, శ్రుతిలో. గొప్పగా ఏం లేదు. ఏ భజనలోనైనా నాలుగో వరసలో కూర్చుని పాడే ఆవిడలా ఉంది. కానీ తప్పు లేదు.

కొత్త పాట ఛానెల్లో పెట్టారు. నేను చదివి వినిపించాను. "మేడంకి ఏమైంది?" "ఇలా మా అత్త కూడా పాడుద్ది." "పాత మేడం కావాలి." ఈసారి ఆవిడ మార్కులు వెయ్యలేదు. తిట్టినవాళ్ళు కూడా కొద్దిమందే. మిగతావాళ్ళు వినడం మానేశారు.

రాంబాబు వచ్చి బతిమాలాడు. "మేడం, మీకు దణ్ణం పెడతాను. ఆ పాత గొంతు పెట్టండి."

"పెడుతున్నానయ్యా, రావట్లేదు. శ్రుతి తగులుకుంది, వదలట్లేదు" అంది. తామరో గజ్జో తగులుకున్నట్టు చెప్పింది. ఆవిడ కళ్ళల్లో భయం మొదటిసారి అప్పుడే చూశాను.

పామర్రులో ఒక బట్టల షాపు ప్రారంభానికి ఆవిడ అంతకుముందెప్పుడో ఒప్పుకున్న కార్యక్రమం ఉంటే, తోడుగా నేనూ వెళ్ళాను. రోడ్డు నిండా జనం. గ్యాసు బండ పాటే పాడింది. బండబ్బాయి ఫోనెత్తలేదు, ఎవరితో చెప్పుకుందునో అని, ఆ "నో" మీద ప్రాణమంతా పెట్టి అరవబోయింది. సన్నాయి పై స్థాయిలో పలికినట్టు, నిలకడగా, శుభ్రంగా వచ్చింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత వెనక నుంచి ఎవడో అరిచాడు.

"ఒరేయ్, ఈవిడ ఒరిజినల్ కాదురా! డూప్లికేట్!"

అందరూ అందుకున్నారు. డూప్లికేట్, డూప్లికేట్. ఆవిడ నల్ల కళ్ళద్దాలు తీసి మొహం చూపించింది. "నేనేనయ్యా, నేనే!" అని మైకులో చెప్పింది. దానికి ఇంకా ఈలలు వేశారు. చల్లటి మజ్జిగ ప్యాకెట్ ఒకటి వచ్చి ఆవిడ పట్టుచీర మీద పగిలింది. షాపు యజమాని వచ్చి మైకు తీసుకున్నాడు. "తర్వాత లక్కీ డ్రా" అన్నాడు.

ఆ కాలేజీ కారులో అంత మాట్లాడిన మనిషి, ఆ రోజు బస్సులో ఉయ్యూరు దాకా కొంగుతో చీర మీద మరక తుడుస్తూనే ఉంది.

కొన్నాళ్ళకి గొంతులో గడ్డ బయటపడింది. నర్సు కదా, డాక్టరు చెప్పకముందే తనకి తెలుసు. బెజవాడలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడకి ముందు రంధ్రం పెట్టారు. ఊపిరి అందులోంచే. మాట లేదు. ఊళ్ళో ఈ వార్త ఎలా పాకిందో చెప్పనక్కర్లేదు. పాల బూతు దగ్గర ఒక పెద్దమనిషి నా ముందే అన్నాడు. "ఇన్నాళ్ళకి దేవుడు మన మొర ఆలకించాడండీ." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఆవిడ చేత ఊరికే ఇంజెక్షన్లు చేయించుకోనివాడు ఒక్కడూ లేడు.

నేను చూడటానికి వెళ్ళేసరికి, వంటింట్లోంచి పాట వినపడుతోంది. సుగుణ పాడుతోంది. తాళింపు వేస్తూ, బియ్యం కడుగుతూ, గొంతెత్తి కీర్తన మీద కీర్తన. మంచం మీద నుంచి సిస్టర్ గారు చెంచాతో పళ్ళెం మీద కొట్టింది. సుగుణ కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంటక్కా? ఏమన్నా కావాలా? మంచినీళ్ళా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగి, అక్క చెయ్యి ఊపుతుంటే అర్థం కానట్టు చూసి, దుప్పటి సర్ది, పాట ఆపిన చోటు నుంచి అందుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళిన ప్రతిసారీ అదే. స్నానం చేయించడంలో, మెడ దగ్గర శుభ్రం చేయడంలో, రాత్రుళ్ళు లేచి చూడటంలో సుగుణ ఏ లోటూ చెయ్యలేదు. పాట మాత్రం ఆపలేదు.

ఆవిడకి గొంతు పోయిందన్న కబురుతో పాత వీడియోలకి మళ్ళీ ప్రాణం వచ్చింది. బతికుండగానే ఆత్మకి శాంతి కోరుతూ దండలు వేసిన ఫోటోలు పెట్టారు. చూడటానికి మనుషులు రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగా కొండపల్లి నుంచి ముగ్గురు కుర్రాళ్ళు ఒకే బండి మీద వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టారు.

"మేడం, మీ ఫ్యాన్సుమి. ఒక్క కేక మేడం, రీల్ తీసుకుని వెళ్ళిపోతాం" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

సుగుణ చెప్పింది. "పేటిక తీసేశారు బాబూ. మాటే రాదు."

"తెలుసాంటీ. సౌండు మేం పెట్టుకుంటాం. నోరు తెరిస్తే చాలు."

నేను లేచాను. "మీకు సిగ్గు లేదట్రా? మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా? లేవండి ముందు ఇక్కణ్ణించి!"

సిస్టర్ గారు అరచెయ్యి ఎత్తి నన్ను ఆపింది. కుర్రాడు ఫోన్ పట్టుకుని అటూ ఇటూ జరిగి, "ఆంటీ, ఆ మెడ దగ్గర గుడ్డ కొంచెం పైకి లాగండి. బొక్క కనపడుతోంది" అన్నాడు. సుగుణ లాగింది. ఆవిడ నోరు తెరిచింది. ఒక క్షణం ఉంచి మూసింది. వాళ్ళు వసారాలో కూర్చుని అప్పటికప్పుడు దానికి పాత కేక అతికించి, తెచ్చి చూపించారు. ఆవిడ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. "సూపర్ వచ్చింది మేడం" అని మళ్ళీ దణ్ణాలు పెట్టి, నవ్వుకుంటూ బయటికి వెళ్ళారు.

ఆవిడ మొహం మాడిపోయింది. నా మణికట్టు పట్టుకుని ఏదో చెప్పబోయింది. పెదాలు కదులుతున్నాయి, నాకు అంతుపట్టలేదు. చిరాకుపడి, మంచం పట్టె మీద వేలితో దరువు వేసింది. ఒకటి, రెండు కొట్టి నోరు తెరిచింది. తెరిచి అలాగే ఉంచింది. చాలాసేపు ఉంచి, ఠక్కున మూసింది. తర్వాత గేటు వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపింది.

అప్పుడు తెలిసింది. వాళ్ళ వీడియోలో కేక ఇంకా మోగుతుండగానే ఆవిడ నోరు మూసుకుపోయింది. పెదవికీ పాటకీ పొత్తు కుదరలేదు.

"వాళ్ళని పిలవమంటారా?" అన్నాను.

గట్టిగా తలూపింది. బయట బండి స్టార్టయింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా పరుగెత్తాను. "బాబూ, ఆగండి! సిస్టర్ గారు మళ్ళీ చేస్తారట!"

నేను లోపలికి వచ్చేసరికి సుగుణ అక్క వీపు వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెడుతోంది. ఈసారి ఆవిడ సైగ చేసి ముందు ఆ కేకని ఫోన్లో బయటికి వినపడేలా పెట్టించుకుంది. అది మొదలయ్యే క్షణానికి సరిగ్గా నోరు తెరిచింది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. కుర్రాళ్ళు ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి పగలబడి నవ్వారు. ఆవిడ మాత్రం కేక పూర్తిగా అయ్యేదాకా నోరు మూయలేదు.